పాతకారు బేరం: మారుతి 800 చుట్టూ కొంత చరిత్ర

మొన్న మా మేనల్లుడు ఫోను చేసి, "మావయ్యా, రెండు లక్షల లోపు ఒక పాత చిన్నకారు కొనాలనుకుంటున్నాను, ఏది చూడమంటారు?" అని అడిగాడు. ఏ బండి చూడాలో చెప్పక మునుపే ఏ కాగితం చూడాలో చెప్పడం మొదలుపెట్టాను. "ఇంజను సంగతి అడిగితే కాగితాల సంగతి చెబుతారేమిటి" అన్నాడు వాడు. దానికి సమాధానం ఫోనులో ఇమిడేది కాదు. అందులో కొంత మా ఇంటి కథ. మిగిలినదంతా మన దేశంలో చిన్నకారు చేతులు మారుతూ వచ్చిన చరిత్ర. అందుకే తీరిక చేసుకుని ఇక్కడ రాస్తున్నాను.

పాతవస్తువు కొత్తదానికంటే చవక అన్నది మనకిప్పుడు చర్చ అక్కరలేని సంగతి. కార్ల విషయంలో మాత్రం మన దేశంలో ఈ మాట చాలాకాలం తలకిందులుగా ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక మూడు దశాబ్దాలపాటు మనకు కార్లు తయారుచేసిన సంస్థలు ముఖ్యంగా మూడే. ఉత్తరపాడాలో అంబాసిడర్ చేసే హిందుస్థాన్ మోటార్స్, బొంబాయి కుర్లాలో ఫియట్ చేసే ప్రీమియర్, మద్రాసులో హెరాల్డ్ చేసే స్టాండర్డ్. ఎన్ని కార్లు తయారుచేయాలో లైసెన్సు నిర్ణయించేది. 1970లలో దేశం మొత్తం మీద ఏడాదికి తయారయ్యే కార్లు యాభైవేలకు లోపే. అడిగేవాళ్ళు అంతకు ఎన్నోరెట్లు. కాబట్టి డబ్బు కట్టి పేరు రాయించుకుని ఏళ్ళతరబడి ఎదురుచూడటమే కారు కొనడానికి మరోపేరుగా ఉండేది. ఫియటుకైతే ఆ నిరీక్షణ మరీ దీర్ఘం.

ఇటువంటి చోట కొత్తకారుకు ప్రభుత్వం ఒప్పుకున్న ధర ఒకటి, బజారులో దాని విలువ మరొకటి. రేపే ఇంటికి తోలుకుపోగలిగిన వాడిన కారు, అయిదారేళ్ళ తరువాత రాబోయే కొత్తకారుకంటే ఎక్కువ పలకడంలో ఆశ్చర్యం లేదు. ఈ లాభం కోసమే కార్లు కొని అమ్మేవాళ్ళు బయలుదేరతారని సర్కారు ముందే ఊహించింది. 1959 నాటి మోటారు కార్ల పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొత్తకారు కొన్నవాడు అనుమతి లేకుండా రెండేళ్ళ దాకా దాన్ని అమ్మకూడదు. చట్టం ఎక్కడ అడ్డుపడితే అక్కడ ఒక దొడ్డిదారి పుట్టడం మనకు కొత్తకాదు. కారు ఒకరి పేరున ఉంటుంది, తిరిగేది మరొకరు. రిజిస్ట్రేషను కాగితం మీది పేరుకీ, స్టీరింగు వెనక కూర్చున్న మనిషికీ సంబంధం ఉండనక్కరలేదన్న అలవాటు మనకు ఆ కరువురోజుల్లోనే బలపడిందని నా అనుమానం. ఇది నా అనుమానం మాత్రమే, దీన్ని చరిత్రగా ఎవరూ తీసుకోవద్దు.

మారుతి కథ అందరికీ తెలిసినదే కనుక త్వరగా దాటేస్తాను. 1971లో మొదలైన సంజయ్ గాంధీ కంపెనీ ఒక్క కారూ బజారుకు పంపకుండానే మూతపడింది. 1981 ఫిబ్రవరిలో ప్రభుత్వరంగంలో మారుతి ఉద్యోగ్ ఏర్పడింది. 1982 అక్టోబరులో జపాను సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983లో బుకింగులు తెరిస్తే పదివేల రూపాయల చొప్పున డిపాజిట్టు కట్టినవాళ్ళు లక్షమందికి పైమాటే. ఆ ఏడాది డిసెంబరు 14న, సంజయ్ జయంతి నాడు, ఇందిరాగాంధీ ఢిల్లీలో మొదటి కారు తాళంచెవులు అందించారు. ధర సుమారు 48 వేలు. పుచ్చుకున్నది ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకరు. మన విషయానికి ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆయన ఆ కారును ఎవరికీ అమ్మలేదు. 2010లో మరణించేదాకా ఆయన దగ్గరే ఉంది. తరువాత ఇంటి ముందు తుప్పుపట్టి పడివుంటే బాగుచేయించి కంపెనీ కార్యాలయంలో ప్రదర్శనకు పెట్టారు. లక్షలాదిగా చేతులు మారిన కారు జాతిలో మొట్టమొదటిది మాత్రం చేయి మారనేలేదు.

మొదటి కొన్నేళ్ళు మారుతికి కూడా పాత జబ్బే పట్టింది. చేతికందిన బండిని ఆనాడే లాభానికి ఇచ్చేయగలిగేవారు. అసలైన మార్పు ఉత్పత్తి పెరిగి, వరుస కరిగిపోయాక వచ్చింది. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సులు తొలగించారు. వాయిదాల మీద కొత్తకార్లు ఇచ్చే ఫైనాన్సు సంస్థలు పుట్టుకొచ్చాయి. కొత్తది కొనే స్తోమత కలిగినవాడు పాతది వదిలించుకోవడం మొదలుపెట్టాడు. అలా 1990లలో మన దేశంలో మొదటిసారిగా చిన్నకారు కొత్తదానికంటే నిజంగా చవకగా, నిరీక్షణ లేకుండా, స్కూటరు మీద నలుగురు కూర్చుని తిరిగే కుటుంబానికి అందుబాటులోకి వచ్చింది. 1998లో శాంత్రో, మాటిజ్, ఆ సంవత్సరాంతాన ఇండికా వచ్చాయి. పోటీకి తట్టుకోవడానికి మారుతి 800 ధర తగ్గించారు. కొత్తదాని ధర తగ్గితే పాతదాని ధర దానంతట అదే దిగుతుంది.

ఆ ఏడాది వేసవిలోనే మా నాన్నగారు కాకినాడలో 1991 నాటి మారుతి 800 ఒకటి తొంభై రెండు వేలకు కొన్నారు. ఆయన బడిపంతులు. బేరానికి వెంట తీసుకెళ్ళింది జగన్నాథపురంలో షెడ్డు నడిపే మెకానిక్కుని. ఆయన చేసిన పరీక్ష నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. అమ్మే మనిషి పదింటికి రమ్మంటే ఈయన తెల్లవారకుండానే బయలుదేరదీశాడు. "ఆయ్, మాస్టారూ, పదింటిదాకా ఆగితే వాళ్ళు ముందే స్టార్టు చేసి వేడిచేసి ఉంచుతారండి. చల్లటి బండి ఎలా అందుకుంటుందో అదే చూడాలండి" అన్నాడు. వెళ్ళగానే బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. స్టార్టయ్యాక సైలెన్సరు వెనక గొంతుక్కూర్చున్నాడు. నీలిపొగ వస్తే రింగులు అరిగి ఆయిలు కాలుతున్నట్టు, నల్లపొగ అయితే కార్బురేటరు పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. ఆయిలు మూత తీసి బుసలు వస్తున్నాయేమో చూశాడు. మీటరు నలభైవేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఆయన మీటరు వంక చూడనేలేదు. బ్రేకు, క్లచ్చి పెడళ్ళ రబ్బర్లు చూసి, "లక్ష దాటేసిందండి ఇది" అని తేల్చాడు. చివరికి కాళ్ళకింద పట్టాలు ఎత్తి, స్క్రూడ్రైవరుతో నేల రేకు పొడిచి చూశాడు. సముద్రపుగాలి తగిలే ఊళ్ళలో 800కు ప్రాణగండం ఇంజనులో కాదు, ఆ రేకులోనే ఉంటుంది. తుప్పు తిన్నచోట రేకు అతికి పైన రంగు వేస్తే కంటికి కనబడదు, మొనకు దొరుకుతుంది.

మీటరు తిప్పినమాట బయటపడటంతో ఎనిమిది వేలు తగ్గించి తొంభై రెండుకు బేరం తెగింది.

ఇంతటి నైపుణ్యం ఆ మెకానిక్కుకు ఎలా వచ్చింది? అదే మారుతి 800 గొప్పతనం అనుకుంటాను. 796 సీసీ, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. 1986లో ఆకారం మారింది, 2000 ప్రాంతంలో కార్బురేటరు పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. అంతకుమించి మౌలికంగా మారినది తక్కువ. ముప్పయ్యేళ్ళలో దేశంలోనే 26 లక్షలకు పైగా అమ్ముడైన ఒకే రకం బండి అది. విజయవాడ ఆటోనగర్ నుంచి చిన్న తాలూకా కేంద్రం దాకా ప్రతి షెడ్డులోనూ దాన్ని విప్పి బిగించిన చేతులున్నాయి, ప్రతి దుకాణంలోనూ దాని సామాను ఉంది. దేవూ కంపెనీ కుప్పకూలాక మాటిజ్ కొన్నవాళ్ళ సంగతి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. బండి మంచిదే, కానీ సామాను దొరకదేమోనన్న భయంతో దాని పాతధర పడిపోయింది.

జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త 1970లో పాతకార్ల బజారును ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం ప్రచురించాడు. అమ్మేవాడికి బండి లోపాలు తెలుసు, కొనేవాడికి తెలియవు. కనుక కొనేవాడు అన్నిటినీ అనుమానించి తక్కువ ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచిబండి ఉన్నవాడు అమ్మడు. చివరికి బజారులో చెడ్డవే మిగులుతాయి. అమెరికా వాడుకలో అటువంటి బండిని నిమ్మకాయ అంటారు, వ్యాసం పేరులోనూ ఆ మాటే ఉంది. (మనవాళ్ళు కొత్తబండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం ఆయన చూశాడో లేదో గానీ, వ్యాసం రాసిన కొత్తలోనే ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఏడాది గడిపాడు.) మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసానికే 2001లో నోబెల్ వచ్చింది. సరిగ్గా ఆ ఏడాదే మారుతి సంస్థ ట్రూ వాల్యూ పేరుతో పాతకార్లు తానే పరీక్షించి అమ్మడం మొదలుపెట్టింది. కొనేవాడి అజ్ఞానానికి మందు కనిపెట్టడమే ఆ వ్యాపారం. మా జగన్నాథపురం మెకానిక్కు ఆ మందు స్క్రూడ్రైవరుతో ఎప్పుడో వేశాడు.

అయితే స్క్రూడ్రైవరుకు అందని తుప్పు ఒకటుంది.

1988 మోటారు వాహనాల చట్టం యాభయ్యో సెక్షను ప్రకారం బండి అమ్మినవాడు రాష్ట్రంలోపలైతే పద్నాలుగు రోజుల్లో ఆ సంగతి రవాణాశాఖకు తెలియజేయాలి, కొన్నవాడు ముప్పై రోజుల్లో. అందుకు 29, 30 నంబరు ఫారాలు. బండి మీద అప్పు ఉండి తీరిపోతే, ఆ అప్పు నమోదు కొట్టివేయించడానికి 35వ ఫారం. రాష్ట్రం దాటితే నిరభ్యంతర పత్రం. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా మన ఆచారం వేరు. అమ్మినవాడు తేదీ వేయని ఖాళీ ఫారాల మీద సంతకాలు చేసి బ్రోకరు చేతిలో పెడతాడు. బ్రోకరు వాటిని అలాగే తరువాతివాడికి అందిస్తాడు. మధ్యలో ఎవరి పేరునా బదిలీ ఫీజు కట్టనక్కరలేదు. బండి ఎన్ని చేతులు మారినా సీ బుక్కులో మొదటి పేరే నిలిచివుంటుంది.

2005లో మా నాన్నగారు కారును ఒక బ్రోకరుకు నలభై వేలకు ఇచ్చి, ఆ ఖాళీ ఫారాల మీదే సంతకాలు చేశారు. పిల్లల కాపీలన్నీ దిద్ది తేదీ లేనిదే సంతకం చేయని మనిషి. "అందరూ ఇలాగేనండి" అన్నమాటకు ఆ ఒక్కసారి లొంగారు. 2009లో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునలు నుంచి సమను వచ్చింది. ఆ కారు మరెక్కడో సైకిలు మీద పోతున్న కూలీని గుద్దింది. కాలు పోయింది. బీమా ఎప్పుడో లాప్సయింది. నడిపినవాడు ఎవరో తెలియదు, బ్రోకరు ఊరు మారాడు. రికార్డులో యజమాని మా నాన్నగారు. నాలుగేళ్ళు వాయిదాలకు తిరిగారు. మొదటి వాయిదాకు న్యాయం తనవైపు ఉందన్న ధీమాతో వెళ్ళారు. మూడో వాయిదాలో కర్రల మీద వచ్చిన ఆ మనిషిని చూశాక ఇంటికొచ్చి రెండురోజులు మాట్లాడలేదు. చివరికి లోక్ అదాలత్‌లో రాజీపడి, పదవీ విరమణ డబ్బులోంచి పరిహారం కట్టారు. వకీలు వద్దన్నా వినలేదు.

ఆయన చేసినది చట్టరీత్యా సరైనదేనని సుప్రీంకోర్టు తీర్పు చూశాక నాకు అర్థమైంది. బదిలీ నమోదు కాకుండా వరుసగా చేతులు మారిన వాహనం విషయంలో, రికార్డులో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో ఆ కోర్టు చెప్పింది. గాయపడ్డవాడు నమోదుకాని అమ్మకాల గొలుసు వెంట ఒక్కొక్కరినీ వెతుక్కుంటూ పోవాలనడం న్యాయం కాదన్నది అందులోని కారణం. అప్పటికి నాన్నగారు లేరు.

2022 డిసెంబరులో కేంద్రం నిబంధనలు సవరించింది. 2023 ఏప్రిల్ నుంచి అనుమతి పొందిన డీలరుకు బండి అప్పగించి ఆ సంగతి నమోదు చేయిస్తే, అది అమ్ముడయ్యేదాకా డీలరే యజమాని అని లెక్క. ఖాళీ ఫారాల అగాధానికి ఇన్నాళ్ళకు ఒక వంతెన పడింది. అనుమతి లేని బ్రోకరు దగ్గర మాత్రం అది పనికిరాదు.

800 విషయానికొస్తే, 2010 ఏప్రిల్‌లో బీఎస్ 4 నియమాలు రావడంతో హైదరాబాదుతో సహా పదమూడు నగరాల్లో కొత్తబండ్ల అమ్మకం ఆపేశారు. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయింది. సొంతకారుకు మొదటి రిజిస్ట్రేషను గడువు పదిహేనేళ్ళు. చివరి 800లకు కూడా ఆ గడువు 2029లో తీరుతుంది. ఆపైన తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. కాబట్టి మా మేనల్లుడికి 800 వద్దని, సామాను తేలికగా దొరికే ఆల్టో చూడమని చెప్పాను. 2025 సెప్టెంబరులో చిన్నకార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కనుక పాతవాటి ధర విషయంలో గట్టిగా బేరమాడమని కూడా చెప్పాను. 1998 కథే మళ్ళీ.

నిన్న వాడు మళ్ళీ ఫోను చేశాడు. 2014 ఆల్టో దొరికిందట. చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూశాడట, పొగ లేదట, నేల రేకు గట్టిగా ఉందట. ఆర్సీలో ఉన్న పేరూ, అమ్ముతున్న మనిషి పేరూ ఒకటేనా అని అడిగాను. కాదట, కానీ సంతకాలు చేసిన ఫారాలు సిద్ధంగా ఉన్నాయట. ఆ పేరుగల మనిషిని వెతికి పట్టుకుని రవాణా కార్యాలయానికి తీసుకొచ్చేదాకా బయానా ఇవ్వవద్దన్నాను. వాడు ప్రస్తుతం ఆ పనిమీదే ఉన్నాడు.