ప్రోటీన్‌గా మారని ఆర్‌ఎన్‌ఏలు: క్లోమ క్యాన్సర్ పరిశోధనలో వాటి ప్రయాణం

కడుపు లోతుల్లో, వెన్నెముకకు ముందు ఒదిగి ఉండే క్లోమగ్రంథిలో క్యాన్సర్ పుడితే తొలినాళ్లలో దాదాపు ఏ సూచనా ఉండదు. బయటపడేసరికి చాలామందికి శస్త్రచికిత్స చేసే అదును దాటిపోతుంది. ఈ గడ్డల్లో అత్యధిక శాతంలో కేరాస్ జన్యువు మారిపోయి ఉంటుందని 1988లోనే తెలిసింది. అయినా ఆ మార్పును అడ్డుకునే మందు దశాబ్దాల పాటు దొరకలేదు. అమెరికాలో 1996లో అనుమతి పొందిన జెమ్‌సిటాబిన్‌కు కూడా గడ్డలు త్వరగానే లొంగకుండా పోయేవి. పరిశోధకుల చూపు ప్రోటీన్ల నుంచి ఆర్‌ఎన్‌ఏల వైపు మళ్లడానికి ఈ నిస్సహాయత ఒక కారణం.

ఆ దారి మొదట క్యాన్సర్ కోసం వేసింది కాదు. మన డీఎన్‌ఏలో అధికభాగం పనికిరానిదని 1972లో సుసుము ఓనో వాదించారు. 1990లో షిర్లీ టిల్గ్‌మన్ బృందం, హెచ్19 అనే జన్యువు నుంచి ప్రోటీన్ తయారవడం లేదనీ, దాని ఆర్‌ఎన్‌ఏయే స్వయంగా పనిచేస్తుండవచ్చనీ ప్రకటించింది. స్త్రీల కణాల్లో ఒక ఎక్స్ క్రోమోజోమ్‌ను నిద్రపుచ్చే ఎగ్జిస్ట్ ఆర్‌ఎన్‌ఏ 1991లో బయటపడింది. 2001లో మానవ జన్యుపటం ముసాయిదా వచ్చాక, ప్రోటీన్ల సమాచారం ఉన్నది రెండు శాతం లోపేనని స్పష్టమైంది. మిగతా భాగం నుంచీ వేలకొద్దీ ఆర్‌ఎన్‌ఏలు పుడుతున్నాయి. వాటిలో 200 న్యూక్లియోటైడ్లు మించినవాటిని ‘లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ’లుగా లెక్కించడం ఆనవాయితీ అయింది.

క్యాన్సర్‌తో వీటి సంబంధాన్ని బలంగా ముందుకు తెచ్చినవి రెండు. ఊపిరితిత్తుల గడ్డ ఇతర అవయవాలకు పాకుతుందో లేదో ముందే సూచించే గుర్తుగా 2003లో మలాట్1 కనిపించింది. 2007లో గుర్తించిన హాటెయిర్, జన్యువులను మూసివేసే పీఆర్‌సీ2 ప్రోటీన్ల సముదాయంతో కలిసి రొమ్ము క్యాన్సర్ వ్యాప్తికి తోడ్పడుతుందని 2010లో తేలింది.

క్లోమ క్యాన్సర్‌లో అన్వేషణ ఆ వెంటనే ఊపందుకుంది. జెమ్‌సిటాబిన్‌కు కణాలు ఎంతగా లొంగుతాయన్నది పీవీటీ1 అనే ఆర్‌ఎన్‌ఏ మీద ఆధారపడుతుందని 2011లో ఒక అధ్యయనం చూపింది. 2013లో హాటెయిర్‌ను అణిచివేస్తే క్లోమ క్యాన్సర్ కణాల పెరుగుదల తగ్గింది. పైగా కొన్ని జన్యువుల విషయంలో దానికి పీఆర్‌సీ2 తోడే అక్కర్లేదని తేలింది. 2014లో హెచ్19 మళ్లీ తెరమీదికి వచ్చింది. లెట్-7 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ పనిని అది అడ్డుకోవడంతో, కణాల వ్యాప్తికి తోడ్పడే హెచ్‌ఎంజీఏ2 మీద అదుపు సడలుతోంది. 2015లో హాటిప్ అనే మరో ఆర్‌ఎన్‌ఏ వంతు వచ్చింది.

ఇంతటి ఉత్సాహానికి కళ్లెం కూడా అవసరమే. మలాట్1 పూర్తిగా లేని ఎలుకలు మామూలుగానే బతుకుతున్నాయని 2012లో వెల్లడైంది. రొమ్ము క్యాన్సర్‌లో అది వ్యాప్తిని అణిచివేస్తుందని 2018లో మరో బృందం చెప్పింది. క్లోమం విషయంలో ఇంకో చిక్కు ఉంది. ఈ గడ్డలో పీచు కణజాలమే చాలా ఎక్కువ, క్యాన్సర్ కణాలు తక్కువ. ముక్క మొత్తాన్ని నూరి కొలిస్తే, పెరిగిన ఆర్‌ఎన్‌ఏ ఏ కణంలోదో తెలియదు. నేరస్థలంలో కనిపించినవాడు దోషా, సాక్షా అన్న ప్రశ్న ఇది. కణాలను విడివిడిగా చదివే పద్ధతులు వచ్చాకే దీన్ని సరిగా అడగగలుగుతున్నాం.

చికిత్స వైపు జరిగిన ఒక తొలి ప్రయత్నం హెచ్19దే. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో అబ్రహాం హోచ్‌బర్గ్ బృందం ఆ జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ భాగానికి డిఫ్తీరియా విషం తయారీ సూచనను జోడించింది. హెచ్19 చురుగ్గా ఉండే క్యాన్సర్ కణంలోనే విషం పుడుతుందని ఆశ. శస్త్రచికిత్సకు వీలులేని కొద్దిమంది క్లోమ క్యాన్సర్ రోగుల గడ్డల్లోకి దాన్ని ఎక్కించిన ఫలితాలు 2012లో వెలువడ్డాయి. అదింకా వాడుకలోకి రాలేదు. కానీ ఒక ఆర్‌ఎన్‌ఏ చేసే పని పూర్తిగా తెలియకముందే, అది ఎక్కడ పుడుతుందన్న జ్ఞానంతో చికిత్సను ఊహించవచ్చని ఆ ప్రయత్నం చూపింది. అదే ఏడాది ప్రోస్టేట్ క్యాన్సర్‌కు, పీసీఏ3 అనే ఇలాంటి ఆర్‌ఎన్‌ఏను కొలిచే మూత్ర పరీక్షను అమెరికా అనుమతించింది.

క్లోమానికి అలాంటి పరీక్ష కావాలి. పెరిగిన ఆర్‌ఎన్‌ఏల జాబితాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. వాటిలో ఏది ఏ కణంలో పుడుతుందో, తీసేస్తే ఏం జరుగుతుందో, వేరే ప్రయోగశాలలోనూ అదే ఫలితం వస్తుందో లేదో ఓపికగా తేల్చే పనికే ఇక నిధులూ గౌరవమూ దక్కాలి.