ఉత్తుత్తి సూది

పార్శ్వపు తలనొప్పికి ప్రాచీనులందరూ ఇంచుమించు ఒకే పేరు పెట్టారు. గ్రీకులు 'హెమిక్రానియా' అన్నారు, అంటే సగం పుర్రె. ఆ మాటే నలిగి నలిగి మైగ్రేన్ అయింది. ఆయుర్వేదం 'అర్ధావభేదకం' అంది. చీనా భాషలో దీని పేరు 'ఫియన్ థౌథుంగ్', ఒక పక్క తలనొప్పి. పేరు దగ్గర కుదిరిన ఈ ఏకాభిప్రాయం చికిత్స దగ్గర కుదరలేదు.

చీనా సూదివైద్యంలో ఈ నొప్పికి ముఖ్యమైన చోటు మెడ వెనుక, పుర్రె అంచు కింద ఉంటుంది. దాని పేరు 'ఫెంగ్ ఛి', అంటే గాలి మడుగు. గాలి అక్కడ చేరి తలనొప్పి కలిగిస్తుందని ఆ వైద్యుల భావన. 1971లో జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పాత్రికేయుడు పెకింగ్‌లో అపెండిక్స్ శస్త్రచికిత్స చేయించుకున్నాడు. ఆ తరువాతి కడుపు బాధకు అక్కడి వైద్యులు సూదులు గుచ్చారు. ఆ అనుభవాన్ని ఆయన న్యూయార్క్ టైమ్స్‌లో రాసినప్పటి నుంచీ పాశ్చాత్య దేశాలలో ఈ వైద్యంపై కుతూహలం పెరిగింది.

కుతూహలం వేరు, రుజువు వేరు. కొత్త మాత్రను పరీక్షించాలంటే సగంమందికి అసలు మాత్ర, సగంమందికి మందులేని బిళ్ళ ఇస్తే చాలు. మరి సూదికి ఏమి చేయాలి? పరిశోధకులు ఉత్తుత్తి సూదిని కల్పించారు. శాస్త్రం చెప్పిన బిందువును వదిలి మరోచోట, లోతు లేకుండా, పైపైన గుచ్చడమే అది.

జర్మనీలో ఈ వైద్యానికి ఆదరణ పెరిగి, ఖర్చు ఆరోగ్య బీమా సంస్థల నెత్తిన పడింది. ముందు రుజువు, తరువాతే రుసుము అన్నారు అక్కడి నిర్ణేతలు. ఆ పట్టుదల వల్లనే పెద్ద పరీక్షలు జరిగాయి. 2005లో వెలువడిన ఒక పరీక్షలో 302 మంది రోగులు పాల్గొన్నారు. నొప్పి రోజులు సగానికి తగ్గినవారు అసలు సూదుల జట్టులో 51 శాతం, ఉత్తుత్తి సూదుల జట్టులో 53 శాతం, ఏ సూదీ లేక వేచి ఉన్నవారిలో 15 శాతం! 2006లో, 960 మందితో జరిగిన మరో పరీక్షలో అసలు సూదికి 47, ఉత్తుత్తి సూదికి 39, మామూలు నివారణ మందులకు 40 శాతం వచ్చాయి. ఆ తేడాలు యాదృచ్ఛికం కావని చెప్పేంత పెద్దవి కావు.

అదే ఏడు జర్మనీ తీర్పు చెప్పింది. దీర్ఘకాలపు నడుము నొప్పికీ మోకాళ్ళ అరుగుదలకూ బీమా డబ్బు ఇస్తుంది, పార్శ్వపు నొప్పికి ఇవ్వదు.

ఇక్కడ చదువరులు ఒక్క క్షణం ఆగాలి. ఈ అంకెలు 'గాలి మడుగు' సిద్ధాంతాన్ని బలపరచలేదు, నిజమే. కానీ మందులు మింగినవారికి కలిగినంత ఉపశమనమే సూదులు పొడిపించుకున్నవారికీ కలిగింది. సిద్ధాంతం నిలవడం ఒక ప్రశ్న, రోగికి మేలు కలగడం వేరొక ప్రశ్న. రెండింటికీ ఒకే తీర్పు చెబితే నష్టపోయేది రోగే.

పైగా ఉత్తుత్తి సూది కూడా చర్మంలో దిగే సూదే. అది పిండిబిళ్ళ వంటి నిర్వ్యాపారమైన వస్తువు అవునా అన్న సందేహం మిగిలింది. 2020లో వెలువడిన ఒక చైనా పరీక్ష ఈ లోపాన్ని సవరించింది. అంతకు ముందెన్నడూ ఈ చికిత్స ఎరుగని 150 మందిని తీసుకొని, చర్మంలో దిగని నకిలీ సూదిని వాడారు. 17 నుంచి 20 వారాల మధ్య అసలు సూదులవారికి నొప్పి రోజులు సగటున 3.9, నకిలీ సూదులవారికి 2.2 తగ్గాయి. అంతకు ముందే, 2016లో, 22 పరీక్షలను కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా ఇటువంటి మాటే చెప్పింది: అసలు సూది నకిలీకంటే కొంచెం మెరుగు, నివారణ మందులకు తీసిపోదు.

ఆ 'కొంచెం' అన్న మాట భక్తులకూ రుచించదు, ఖండించేవారికీ రుచించదు. మన ఊళ్ళలో ఆకుపసరు మొదలుకొని హోమియో గుళికల దాకా సాగే వాదాలన్నీ 'పనిచేస్తుందా, లేదా?' అన్నచోటే మొదలై అక్కడే ముగుస్తాయి. 'దేనితో పోలిస్తే?' అని అడగటం నేర్చుకుంటే ఆ వాదాలు కొంతైనా ముందుకు నడుస్తాయి.