ఉచిత న్యాయ సేవలో కక్షిదారు గోప్యత: పరిణామం, పరిమితులు

భారతదేశంలో కక్షిదారు గోప్యత చరిత్రను చెప్పే రచనలు సాధారణంగా ఒకే బాటలో నడుస్తాయి. అవి 1872 నాటి సాక్ష్య చట్టంతో మొదలై, 1961 నాటి న్యాయవాదుల చట్టాన్నీ దాని కింద బార్ కౌన్సిల్ చేసిన ప్రవర్తనా నియమాలనూ దాటి, గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 2017 నాటి పుట్టస్వామి తీర్పును శిఖరంగా చూపి, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దగ్గర ముగుస్తాయి. ఈ వరుసలో తేదీల తప్పేమీ లేదు. అయితే ఇది ఫీజు చెల్లించి వకీలును పెట్టుకోగలిగిన కక్షిదారు చరిత్ర మాత్రమే. న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కే పేద కక్షిదారు చరిత్ర వేరే చోట మొదలై వేరే మలుపులు తిరిగింది. మొదటి దానిలోని పురోగతి రెండవ దానికి దానంతట అదే సంక్రమించిందని భావించడం వల్ల, ఈనాటి లోపాలు కేవలం అమలులోని అలసత్వంగా కనిపిస్తున్నాయి. వాటి మూలం మాత్రం వ్యవస్థ నిర్మాణంలోనే ఉంది.

తొలి దశ అందరికీ తెలిసినదే. కక్షిదారు తన వకీలుతో చెప్పుకున్న మాటను కోర్టు బలవంతంగా రాబట్టరాదన్న సూత్రం 16వ శతాబ్దపు ఇంగ్లండు కోర్టుల్లో రూపు దిద్దుకుంది. జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రచించిన సాక్ష్య చట్టం దానిని 126వ సెక్షన్‌గా ఇక్కడికి తెచ్చింది. కక్షిదారు స్పష్టంగా సమ్మతిస్తే తప్ప, వృత్తి సందర్భంలో తెలిసిన మాటను బారిస్టరు, అటార్నీ, ప్లీడరు, వకీలు వెల్లడించరాదని, ఆ బాధ్యత కేసు ముగిసిన తరువాత కూడా కొనసాగుతుందని ఆ సెక్షన్ చెప్పింది. నేరం చేయడానికి సహాయం కోరుతూ చెప్పిన మాటకు మాత్రం ఆ రక్షణ లేదు. 127వ సెక్షన్ ఈ బాధ్యతను దుబాసీలకు, వకీళ్ల గుమస్తాలకు, సేవకులకు విస్తరించింది. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటి ఉంది. చట్టం ఈ రక్షణను చెప్పుకున్న మాట స్వభావాన్ని బట్టి కాక, విన్న మనిషి హోదాను బట్టి నిర్ణయించింది. ఆ కాలంలో ఉత్తర భారతంలో సామాన్యుల వ్యవహారాలు చూసిన ముఖ్తారు అనే చిన్న స్థాయి న్యాయ వృత్తిదారు పేరు 126వ సెక్షన్ జాబితాలో కనిపించదు. పేదవాడు మొదట ఆశ్రయించే మనిషి జాబితాకు వెలుపల మిగలడం ఆనాటి నుంచే ఉంది.

పేద కక్షిదారు చరిత్రకు అసలైన ఆరంభం సాక్ష్య చట్టం కాదు, 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 33వ ఆర్డరు. కోర్టు రుసుము చెల్లించలేని వ్యక్తి ‘పాపరు’గా, అంటే నిరుపేదగా, దావా వేసుకోవడానికి ఇది అనుమతించింది. 1976 సవరణ ఆ పదాన్ని మార్చింది గాని పద్ధతిని మార్చలేదు. దరఖాస్తుదారు తన స్థిరచరాస్తులన్నింటి జాబితాను విలువలతో సహా సమర్పించాలి. దానిపై ప్రతివాదికీ ప్రభుత్వ ప్లీడరుకూ నోటీసు వెళుతుంది. పేదరికం నిజమా కాదా అన్నది కోర్టు సాక్ష్యంతో తేలుస్తుంది. ధనిక కక్షిదారు తన ఆర్థిక స్థితిని వకీలు గదిలో చెప్పుకుంటే సరిపోయింది, పేద కక్షిదారు దానిని ఎదుటి పక్షం సమక్షంలో నిరూపించుకోవలసి వచ్చింది. సహాయానికి మూల్యం వెల్లడి అన్న భావన అక్కడ నాటుకుంది.

1920లలో బొంబాయిలో ఏర్పడిన న్యాయ సహాయ సంఘం, 1949 ప్రాంతంలో బొంబాయి, పశ్చిమ బెంగాల్ ప్రభుత్వాలు వేసిన కమిటీలు, 1958లో లా కమిషన్ 14వ నివేదిక, 1971లో గుజరాత్‌లో జస్టిస్ పి.ఎన్. భగవతి కమిటీ, 1973లో కేంద్రానికి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ కమిటీ ఇచ్చిన నివేదిక, 1976లో రాజ్యాంగంలో చేరిన 39-ఎ అధికరణం ఉచిత న్యాయ సహాయాన్ని దాతృత్వం నుంచి రాజ్య బాధ్యతగా మార్చిన మెట్లు. ఈ మెట్ల గురించి కావలసినంత రచన జరిగింది. వాటి ప్రధాన ప్రశ్న వకీలును ఎలా సమకూర్చాలన్నదే గాని, ఆ వకీలుకూ కక్షిదారుకూ మధ్య ఎవరెవరు నిలబడతారన్నది కాదు.

అసలు వివాదం 1979 నుంచి 1995 వరకు గల కాలాన్ని గురించినది. ఈ కాలాన్ని న్యాయ సహాయానికి స్వర్ణయుగంగా వర్ణించడం ఆనవాయితీ. ఆ వర్ణనకు ఆధారం లేకపోలేదు. 1894 నాటి జైళ్ల చట్టం 40వ సెక్షన్, విచారణ ఖైదీ తన న్యాయ సలహాదారును మరొకరు లేకుండా కలుసుకునేలా జాగ్రత్త తీసుకోవాలని చాలా ముందే చెప్పినా, అది కాగితంపై ఉండిపోయింది. 1979 డిసెంబరులో సునీల్ బత్రా రెండవ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్, కోర్టులు నియమించిన న్యాయవాదులకు ఖైదీలతో రహస్యంగా మాట్లాడుకునే సౌకర్యం కల్పించాలని ఆదేశించారు. 1981 జనవరిలో ఫ్రాన్సిస్ కోరలీ ములిన్ కేసులో జస్టిస్ భగవతి మరింత నిర్దిష్టంగా, నిర్బంధంలో ఉన్న వ్యక్తి తన న్యాయవాదితో మాట్లాడేటప్పుడు అధికారి కావాలంటే చూడవచ్చు గాని, మాటలు చెవిన పడేంత దగ్గరలో ఉండరాదని చెప్పారు. గోప్యతకు భారతీయ న్యాయశాస్త్రంలో ఇంత స్పష్టమైన కొలమానం అరుదు.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ నెలల్లోనే జస్టిస్ భగవతే మరో వ్యవస్థకు రూపకల్పన చేస్తున్నారు. 1980 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆయన అధ్యక్షతన న్యాయ సహాయ పథకాల అమలు కమిటీని నియమించింది. ఆ కమిటీ రాష్ట్రాలకు సూచించిన మార్గంలో న్యాయ విజ్ఞాన శిబిరాలకు, రాజీ వేదికలకు పెద్దపీట ఉంది. 1982 మార్చిలో గుజరాత్‌లోని జునాగఢ్ జిల్లా ఊనాలో జరిగిన లోక్ అదాలత్‌ను ఆధునిక లోక్ అదాలత్‌లకు ఆరంభంగా చెబుతారు. దానికి చాలా ముందే, 1949 నుంచి, గుజరాత్ గిరిజన ప్రాంతమైన రంగ్‌పూర్‌లో హరివల్లభ్ పరీఖ్ నడిపిన ప్రజా న్యాయస్థానం బహిరంగంగా, గ్రామస్థుల సమక్షంలో తగాదాలు తీర్చేది. న్యాయశాస్త్ర పండితుడు ఉపేంద్ర బక్షి దానిని 1970లలో అధ్యయనం చేసి పండిత లోకానికి పరిచయం చేశారు. ఈ ధోరణిలో బహిరంగతే నీతి. నలుగురిలో చెప్పుకుంటేనే బలవంతుడు వెనక్కి తగ్గుతాడని, తలుపులు మూసుకుని మాట్లాడుకోవడం డబ్బున్నవారి వకీళ్ల అలవాటని ఒక భావం అంతర్లీనంగా ఉండేది. ఆ విధంగా జైలు గోడల లోపల మాట ఇతరులకు వినిపించకూడదన్న సూత్రం, షామియానా కింద మాట అందరికీ వినిపించాలన్న సూత్రం ఒకే ఆలోచనాపరుని నుంచి, ఒకే కాలంలో వెలువడ్డాయి.

శిబిరాల పద్ధతిని సమర్థించేవారి వాదనను తేలికగా తీసివేయడం న్యాయం కాదు. పల్లెలో సరిహద్దు తగాదాగాని మొగుడూపెళ్లాల గొడవగాని ఊరందరికీ తెలిసినదే, అందులో దాచవలసినది ఏముందన్న ప్రశ్నలో కొంత నిజం ఉంది. కోర్టు మెట్లెక్కడానికి భయపడే వేలమందికి శిబిరమే మొదటి ధైర్యమైందన్నదీ నిజం. అయితే ఊరికి తెలిసేది తగాదా ఉందన్న సంగతి మాత్రమే. భర్త నుంచి భరణం కోరే స్త్రీ చివరకు ఎంతకు ఒప్పుకుంటుంది, ఆమె చేతిలో ఏ కాగితం లేదు, పుట్టింటివారు ఆమెను ఎన్నాళ్లు ఉంచుకుంటారన్న విషయాలు ఊరికి తెలియవు, తెలియకూడదు కూడా. రాజీ బేరంలో ఆమెకున్న బలమంతా అక్కడే ఉంది. గోప్యత ఇక్కడ పరువు కన్నా ముందుగా బేరసార శక్తికి సంబంధించిన విషయం. రంగ్‌పూర్‌లో ఒక వ్యక్తి నైతిక అధికారం ఈ లోటును కొంత పూడ్చి ఉండవచ్చు. జిల్లాకొక శిబిరంగా దానిని విస్తరించినప్పుడు ఆ వ్యక్తి వెంట రాలేదు, బహిరంగత మాత్రం వచ్చింది.

ఇదే కాలంలో మరో పాయ కూడా సాగింది. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీసు స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆ తరువాత ఆమె వ్యక్తిగత జీవితంపై సాగిన బహిరంగ నిందలు, మహారాష్ట్రలోని మరో కేసులో సుప్రీంకోర్టు తీర్పుపై రేగిన నిరసన కలిసి 1983 నాటి నేర చట్టాల సవరణకు దారితీశాయి. బాధితురాలి పేరు ప్రచురించడం అప్పుడే నేరమైంది. 1994లో ఢిల్లీ ఇంటిపనివారి సంఘం కేసులో సుప్రీంకోర్టు, అత్యాచార బాధితురాలికి పోలీసు స్టేషన్ దశ నుంచే న్యాయ సహాయం అందాలని, ఆమె అనామకత్వాన్ని కాపాడాలని ఒకే ఊపిరిలో చెప్పింది. ఉచిత సహాయాన్నీ గోప్యతనూ ఒకే హక్కుకు రెండు ముఖాలుగా చూసిన అరుదైన సందర్భం అది. అయినా మరుసటి సంవత్సరం, 1995 నవంబరు 9న అమలులోకి వచ్చిన 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఆ దృష్టిని అందుకోలేదు. ఎవరు అర్హులో 12వ సెక్షన్ వివరంగా చెబుతుంది. అర్హతను నిరూపించుకునే క్రమంలో కులం, ఆదాయం, వైకల్యం, నిర్బంధం వంటి వివరాలు అందుకున్న సంస్థ వాటిని ఎలా దాచాలో చట్టం చెప్పదు. లోక్ అదాలత్‌లో రాజీ కోసం చెప్పిన మాటకు ఆ అధ్యాయంలో రక్షణ లేదు. మరుసటి ఏడాదే వచ్చిన మధ్యవర్తిత్వ, రాజీ చట్టం మాత్రం వ్యాపార వివాదాల రాజీ చర్చలకు 75వ సెక్షన్‌లో పూర్తి గోప్యతను రాసిపెట్టింది. ఒప్పందాల తగాదా పడే కంపెనీలకు దక్కిన రక్షణ భరణం అడిగే స్త్రీకి చట్టంలో దక్కకపోవడం యాదృచ్ఛికంగా జరిగిందే కావచ్చు గాని, శిబిరాల యుగపు బహిరంగతా భావనకు అది సహజ ఫలితం కూడా.

2009లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ప్రవేశపెట్టిన పారా లీగల్ వాలంటీర్ల పథకంతో సమస్య కొత్త రూపం దాల్చింది. న్యాయవాదులు కాకపోయినా ప్రాథమిక శిక్షణ పొంది ప్రజలకూ సంస్థకూ మధ్య వారధిగా ఉండేవారు వీరు. ఉపాధ్యాయులు, విశ్రాంత ఉద్యోగులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, స్వయం సహాయక సంఘాల సభ్యులు, న్యాయ విద్యార్థులు, జైళ్లలో దీర్ఘకాల శిక్ష అనుభవిస్తున్న చదువుకున్న ఖైదీలు సైతం ఈ సేవకు అర్హులు. ఆలోచన గొప్పదే. కానీ పేద కక్షిదారు తన కథను మొట్టమొదట, అన్నింటికంటే వివరంగా చెప్పేది ఇప్పుడు వకీలుకు కాదు, తన ఊరి అంగన్‌వాడీ టీచరుకో, తన పొదుపు సంఘం సభ్యురాలికో, పక్క బ్యారక్ ఖైదీకో. వీరు వకీలు గుమస్తాలు కారు, వకీలు సేవకులూ కారు. న్యాయ సేవాధికార సంస్థ ఎంపిక చేసి గౌరవ వేతనం ఇచ్చే స్వతంత్ర వ్యక్తులు. వీరిని సాక్షిగా పిలిచి అడిగితే చట్టం కింద మౌనం వహించే హక్కు ఉందా అన్నది సందేహాస్పదం. న్యాయస్థానం ఉదారంగా వ్యాఖ్యానించి వీరిని గుమస్తాలతో సమానంగా చూడవచ్చునన్న వాదన ఉంది. ఉదారతపై ఆధారపడిన రక్షణను ఏ సంపన్న కక్షిదారుడూ అంగీకరించడు. 2010 నాటి నిబంధనలు ప్యానెల్ న్యాయవాదుల పనిని గమనించే పర్యవేక్షక కమిటీలను కూడా ఏర్పరచాయి. నాణ్యతకు అవి అవసరమే, కానీ కేసు వివరాలు తెలిసినవారి వలయం వాటి వల్ల ఇంకా పెరిగింది. 2017లో మొదలైన టెలి-లా సేవలో గ్రామస్థులు కామన్ సర్వీస్ సెంటర్ కంప్యూటరు ముందు కూర్చుని వీడియోలో న్యాయవాదితో మాట్లాడతారు. ఆ గదిలో కేంద్రం నిర్వాహకుడూ ఉంటాడు, తన పత్రం కోసం వచ్చిన పొరుగువాడూ ఉండవచ్చు.

2025 అక్టోబరు 31న అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ బి.ఆర్. గవాయ్ నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం, దర్యాప్తు సంస్థలు కక్షిదారు వ్యవహారం గురించి న్యాయవాదికి ఇష్టానుసారం సమన్లు జారీ చేయరాదని, చట్టం అనుమతించిన మినహాయింపుల్లో కూడా ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ఆమోదం ఉండాలని తీర్పు చెప్పింది. న్యాయవాద లోకం దీనిని విజయంగా స్వాగతించడం సముచితమే. అదే తీర్పు కంపెనీల్లో జీతంపై పనిచేసే న్యాయ సలహాదారులకు ఆ పూర్తి రక్షణ వర్తించదని కూడా తేల్చింది. కవచం వృత్తిలో ఉన్న న్యాయవాది చుట్టూనే బిగిసి ఉన్నప్పుడు, దాని అంచు గ్రామ వాలంటీరు దాకా సాగుతుందని ఆశించడం కష్టం. 2023 నాటి డేటా చట్టంపై పెట్టుకున్న ఆశలు కూడా అతిగానే ఉన్నాయి. న్యాయ హక్కును సాధించుకోవడానికి అవసరమైన సమాచార వినియోగానికి ఆ చట్టం 17వ సెక్షన్ చాలా బాధ్యతల నుంచి మినహాయింపు ఇస్తుంది. అలవాట్ల మాట వేరే చెప్పనక్కరలేదు. లోక్ అదాలత్ మర్నాడు, విడిపోయి కలిసిన దంపతులు పూలదండలతో నిలబడిన ఫోటోలు పేర్లతో, ఊళ్లతో సహా తెలుగు పత్రికల జిల్లా పేజీల్లో నేటికీ వస్తున్నాయి. వాటిని న్యాయ సేవ సాఫల్యంగానే చూస్తున్నారు తప్ప ఎవరి సమ్మతితో అచ్చయ్యాయని అడగడం లేదు.

దీనికి పెద్ద సంస్కరణ అవసరం లేదు. 1987 చట్టంలో ఒక సెక్షన్ చేర్చి, న్యాయ సేవ కోరి చెప్పిన మాట ఎవరి చెవిన పడినా, ఆ విన్నవారు వాలంటీరైనా, కార్యాలయ సిబ్బందైనా, లోక్ అదాలత్ సభ్యులైనా, దానిని కాపాడవలసిన బాధ్యత వారిదని, వారిని ఆ విషయమై బలవంతపెట్టరాదని రాస్తే చాలు. అందుకు మంచి అవకాశం ఒకటి ఈ మధ్యనే చేజారింది. వాలంటీర్ల పథకం వచ్చిన 14 ఏళ్ల తరువాత, 2023లో, పాత సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమాన్ని రచించినప్పుడు 126, 127 సెక్షన్లను 132వ సెక్షన్‌గా కలిపి, బారిస్టరు, అటార్నీ, ప్లీడరు, వకీలు అన్న పాత పేర్లను తొలగించి న్యాయవాది అని మార్చారు, సేవకుల స్థానంలో ఉద్యోగులను చేర్చారు. పారా లీగల్ వాలంటీరును మాత్రం చేర్చలేదు.