సండూరు కొండల నల్లరాయి

కర్ణాటకలోని కంప్లి చుట్టూ తుంగభద్ర నీళ్లతో వరి పండుతుంది. దక్షిణాన సండూరు కొండల్లో మాంగనీసు దొరుకుతుంది. వరికీ ఈ లోహం కావాలి. నీరు నిలిచిన మడిలో గాలి ఆడదు. అప్పుడు మట్టిలోని మాంగనీసు ఆక్సైడ్లు ఇనుప ఆక్సైడ్ల కంటే ముందే కరిగి వేళ్లకు అందుతాయి. ఎండ సాయంతో ఆకు నీటిని విడగొట్టే చోట ఉండేదీ మాంగనీసే. అంతమాత్రాన కంప్లి మడిలోని మాంగనీసు సండూరు కొండల నుంచే వచ్చిందనలేం. దాదాపు ప్రతి నేలలోనూ అది కొంత ఉంటుంది.

మాంగనీసు ఖనిజాల్లో ఒకటైన పైరోల్యూసైట్ మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే వేళ్లకు మసి అంటుతుంది. గాజులోని ఆకుపచ్చ ఛాయ పోగొట్టడానికి పనివాళ్లు పూర్వం నుంచీ దీన్ని వాడారు. ఐరోపాలో దీన్ని నల్ల మెగ్నీషియా అనేవారు. ఆ మాటే మారుతూ మాంగనీసు అయింది. తెల్ల మెగ్నీషియా పేరు మెగ్నీషియానికి దక్కింది. మూలం మెగ్నీషియా అనే ఊరి పేరేనంటారు కానీ, అది గ్రీసులోని థెస్సలీదా, ఆసియా మైనరుదా అన్నది తేలలేదు. లోహాన్ని విడదీసింది మాత్రం 1774లో, స్వీడన్‌కు చెందిన గాన్.

ఈ లోహంలో అత్యధిక భాగం ఉక్కుకే పోతుంది. ఉక్కులో మిగిలిన ఆక్సిజన్‌ను లాగేస్తుంది, గంధకం వల్ల కలిగే పెళుసుతనాన్ని అరికడుతుంది. 1882లో ఇంగ్లండ్ లోహశాస్త్రవేత్త హ్యాడ్‌ఫీల్డ్ సుమారు 12 శాతం మాంగనీసు కలిపి చేసిన ఉక్కు దెబ్బలు తినేకొద్దీ గట్టిపడింది. రైలు పట్టాల కూడళ్లలో ఇప్పటికీ దాన్నే వాడుతున్నారు.

భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది 1890ల తొలినాళ్లలో, విజయనగరం ప్రాంతంలో. భూగర్భ శాస్త్రవేత్త ఫెర్మర్ 1909లో దేశంలోని మాంగనీసు నిక్షేపాలపై వెలువరించిన గ్రంథంలో ఒక శిలాజాతికి అక్కడి కోడూరు పేరే పెట్టాడు. కానీ విజయనగరం ఖనిజంలో భాస్వరం ఎక్కువ. కరిగించినప్పుడు అది చాలావరకు లోహంలోకే చేరుతుంది, చల్లటి వాతావరణంలో ఉక్కు పెళుసవుతుంది. అందుకే అలాంటి ఖనిజాన్ని భాస్వరం తక్కువున్న దానితో కలిపి వాడాల్సి వస్తుంది. సండూరు ఖనిజంలో భాస్వరం తక్కువ, ఇనుము ఎక్కువ. మాంగనీసు శాతం ఒక్కటీ చూసి ఖనిజానికి విలువ కట్టడం సరికాదు.

గనుల దగ్గర ఇంకొక లెక్కా ఉంది. నల్ల మాంగనీసు పొడిచేసే కార్మికుల్లో కాళ్ల బలహీనత, నడక తూలడం కనిపించాయని స్కాట్లాండ్ వైద్యుడు కూపర్ 1837లోనే రాశాడు. రాయి పట్టుకుంటే ఈ జబ్బు రాదు. ఏళ్ల తరబడి దుమ్ము పీల్చితే ముప్పు. రాళ్లు పగలగొట్టే చోట నీళ్లు చల్లించండి, ముక్కుకు రక్షణ ఇవ్వండి, నడకలో తేడా కనిపించిన కార్మికుణ్ని వెంటనే నరాల వైద్యుడికి చూపించండి.