నిజాం సింహాసనం కారు: పాత ఫోటోలో గుర్తుపట్టడం ఎలా?

నిజాం గారు రోల్స్ రాయిస్ కార్లకి చీపుర్లు కట్టించి వీధులు ఊడిపించారన్న కథ మీ ఇన్‌బాక్సుకి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. అదే కథ అల్వార్ రాజు పేరుతోనూ, పాటియాలా రాజు పేరుతోనూ తిరుగుతుంటుంది. హీరో పేరు ఒక వేరియబుల్, మిగతాదంతా కాపీ పేస్ట్ అన్నమాట! దాంతో పాటు వచ్చే ఫోటో కాస్త పరీక్షగా చూడండి. చీపుర్లు ఉండేది టైర్లకి సరిగ్గా ఎదురుగా. వాటితో వీధేం ఊడుస్తారు? దారిలో మేకులేవైనా ఉంటే పక్కకి నెట్టడానికైతే పనికొస్తాయి. పైగా ఆ కారు మూతి రోల్స్ రాయిస్‌ది కానే కాదు.

తమాషా ఏంటంటే, ఈ పుకారు గోలలో హైదరాబాదులో నిజంగా ఉన్న వింత రోల్స్ రాయిస్ సంగతి చాలామందికి తెలీదు. అదే 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, 'థ్రోన్ కార్' అంటారు. పసుపు రంగు, గుమ్మటం లాంటి టాపు, పెద్ద పెద్ద అద్దాలు, వెనకాల నిజాం కూర్చోడానికి ఎత్తుగా సింహాసనం లాంటి సీటు. ఊరేగింపుల కోసమే చేయించిన బండి.

ఇంతకీ రోల్స్ రాయిసే ఎందుకు? అరకు వెళ్తూ శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కినవాళ్ళకి ఇంజను పడే అవస్థ తెలిసే ఉంటుంది. 1908లో బొంబాయి-కొల్హాపూర్ పోటీలో సిల్వర్ ఘోస్ట్ ఒకటి పడమటి కనుమలెక్కి గెలిచింది. 'పెర్ల్ ఆఫ్ ది ఈస్ట్' అని పేరున్న ఆ కారుని తర్వాత గ్వాలియర్ మహారాజు కొనుక్కున్నారు. మిగతా సంస్థానాధీశులు ఊరుకుంటారా! ఇంకో సుగుణం కూడా ఉంది. ఈ కారు టాప్ గేర్‌లోనే మనిషి నడిచే వేగంతో ఆగకుండా పోగలదు. ఊరేగింపుకి అంతకన్నా ఏం కావాలి?

సరే, అసలు విషయానికొద్దాం. పాత ఫోటోలో ఇలాంటి కారు కనబడితే ఎలా గుర్తుపట్టాలి?

మొదట, బాడీ చూసి మోసపోకూడదు. అప్పట్లో రోల్స్ రాయిస్ అమ్మింది చాసిస్, ఇంజనే. బాడీ వేరే కంపెనీ కట్టేది. నిజాం కారుకి కట్టింది లండన్‌లోని బార్కర్, ఒకప్పుడు గుర్రబ్బళ్ళు చేసిన సంస్థ. కాబట్టి బాడీ అనేది స్కిన్ లాంటిది, చాసిస్ నంబరే ప్రైమరీ కీ. ఆ నంబర్ల రికార్డులు ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ దగ్గర భద్రంగా ఉన్నాయి. ఫోటోలో నంబరు కనబడదు కాబట్టి, గ్రీకు గుడి ముఖద్వారంలా ఉండే రేడియేటర్ నుంచి మొదలెట్టాలి. దాని మీద రెక్కల బొమ్మ ఉంటే 1911కి ముందుది కాదనుకోవచ్చు. కానీ పాత కారుకి కూడా బొమ్మ తర్వాత తగిలించుకోవచ్చు. అంటే ఆ తేదీ ఫోటోదే గానీ కారుది కాదు.

రెండోది, తేదీలు. 40/50 మోడల్ మొదలైందే 1906లో. లాలా దీన్ దయాళ్ 1905లో పోయారు. కాబట్టి 'దీన్ దయాళ్ తీసిన నిజాం సిల్వర్ ఘోస్ట్' అని ఎవరైనా ఫోటో చూపిస్తే రెండో మాట అక్కర్లేదు. అలాగే ఈ కారు ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. కారు చేతికి రాకముందే 1911 ఆగస్టు 29న ఆయన చనిపోయారు. ఆ సీట్లో కూర్చున్నది ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్. 'మహబూబ్ అలీ పాషా తన సింహాసనం కారులో' అని ఎవరు రాసినా తప్పే. కారు మనకిచ్చేది లోయర్ బౌండ్ మాత్రమే. మిగతాది వెనకాల భవనాలు చెప్పాలి. మూసీ ఒడ్డున హైకోర్టు ప్రారంభమైంది 1920లో, పూర్తయిన ఆ భవనం ఫోటోలో ఉంటే 1912 అని రాయడం కుదరదు.

మూడోది, రంగు. ఆ కాలపు ఫోటో ప్లేట్లు చాలావాటికి నీలం బాగా తెలిసేది, పసుపు సరిగా తెలిసేది కాదు. అందుకని పసుపు కారు నల్లగా పడొచ్చు. 'ఇది నల్ల కారు, అది పసుపు కారు, రెండూ వేరు' అని తీర్పు చెప్పేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇదంతా కార్ల పిచ్చోళ్ళ గొడవ అనుకోకండి. ఒక తప్పుడు కేప్షన్ పదిమంది కాపీ చేస్తే, పదకొండో వాడు దాన్నే ఆధారంగా చూపిస్తాడు. తండ్రి కోరిక కొడుకు ఖాతాలోనో, కొడుకు ఊరేగింపు తండ్రి ఖాతాలోనో పడుతుంది. ఎవరిదో కారు మన నిజాం చెత్తబండి అయిపోతుంది. ఒక్క నిజాం అనేముంది, విజయనగరం, జయపురం సంస్థానాల ఫోటోలకైనా, మీ తాతగారి పెళ్ళి ఫోటోలో వెనకాల నిలబడ్డ కారుకైనా ఇదే పద్ధతి.

థ్రోన్ కార్ ఏళ్ళ తరబడి మూలపడి ఉండి, బాగుచేశాక చౌమహల్లా పాలెస్‌కి చేరింది. ఈసారి పాతబస్తీ వైపు వెళితే బిర్యానీతో పాటు దాన్నీ ఓసారి చూసి రండి. ముందు రేడియేటర్ చూడండి, సీటు తర్వాత.