అసలు - కొసరు

కూరగాయల అంగడిలో కొసరు అడుగని గృహిణి అరుదు. నేడు ఆ కొసరే క్యాష్‌బ్యాక్ అను పేరుతో క్రెడిట్ కార్డులోనికి వచ్చినది. అది ఎవరి సంచిలోనుండి వచ్చుచున్నదో తెలిసికొన్న పిమ్మటనే కార్డును ఎన్నుకొనుట మంచిది.

ఈ కథకు మూలము అమెరికాలో 1896 నాటిది. స్పెర్రీ, హచిన్సన్ అనువారు స్థాపించిన కంపెనీ వర్తకులకు స్టాంపులు అమ్మెడిది. వర్తకుడు వానిని కొనుగోలుదారులకు పంచిపెట్టును. వారు వానిని పుస్తకములో అంటించి, పుస్తకము నిండిన పిదప వస్తువులుగా మార్చుకొందురు. కొసరు ఖర్చు వర్తకునిదే.

1950లో న్యూయార్కులో ఫ్రాంక్ మెక్‌నమారా ప్రభృతులు ప్రారంభించిన డైనర్స్ క్లబ్ భోజనశాలల బిల్లులో నూటికి 7 వంతులు తీసికొన్నది. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా ఫ్రెస్నో నగరవాసులకు 60,000 కార్డులను అడుగకయే పంపినది. బాకీని కొంచెము కొంచెముగా తీర్చవచ్చును. కాని వడ్డీ తప్పదు. 1986లో సియర్స్ సంస్థ డిస్కవర్ కార్డును అమెరికా అంతట ప్రవేశపెట్టినది. దానికి వార్షిక రుసుము లేదు. పైగా కొంత సొమ్ము వాపసు. అయితే నూటికి ఒకటి అనునది గరిష్ఠము. తక్కువ కొనువారికి అంతకన్న తక్కువ.

మన దేశములో ఈ మార్గము తొక్కిన తొలి బ్యాంకులలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1923లో మచిలీపట్నమున భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ బ్యాంకు 1981లో క్రెడిట్ కార్డును తెచ్చినది. 2020లో అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది.

ఇక మన ఇంటి లెక్క చూతము. కార్డుపై నెలకు 5,000 రూపాయలు ఖర్చు చేయు కుటుంబమునకు నూటికి ఒకటి చొప్పున ఏడాదికి 600 వచ్చును. వార్షిక రుసుము 500, దానిపై నూటికి 18 వంతున పన్ను 90 పోగా మిగులునది 10 రూపాయలే! రుసుము లేని కార్డు అర శాతమే ఇచ్చినను 300 మిగులును. నెలకు నూటికి మూడున్నర వడ్డీ గల కార్డులో 5,000 బాకీ ఒక్క నెల నిలిచినచో 175 రూపాయలు పోవును. అది మూడు నెలల కొసరును మించినది.

కనుక మొదట రుసుము చూడవలెను. పిదప మన బియ్యము, పప్పు, కరెంటు బిల్లులకు వాపసు వర్తించునో లేదో విచారింపవలెను. శాతమును చూచుట ఆ తరువాతి మాట. గడువునకు బాకీ అంతయు తీర్చగలమను నమ్మకము లేనిచో ఆ కొసరుకు ఆశపడకుండుటయే మేలు.