వైద్య మానవశాస్త్రం

సంస్కృతి, పరిసరాలు మనిషి ఆరోగ్యాన్ని ఎలా ప్రభావితం చేస్తాయో పరిశీలించే మానవశాస్త్ర శాఖ. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఎం.ఎ. మానవశాస్త్రంలో భాగంగా దీన్ని బోధిస్తారు.

ఈ అధ్యయనానికి దక్కన్ జొన్న ప్రాంతం చక్కని ఉదాహరణ. నయాసిన్ (విటమిన్ బి3) లోపంతో వచ్చే పెల్లాగ్రా ఇతర దేశాల్లో ఎక్కువగా మొక్కజొన్న తినే పేదల్లో కనిపించగా, ఇక్కడ జొన్నలే ప్రధానాహారమైన పేదల్లోనూ బయటపడింది. ఈ వ్యాధిలో ఎండ తగిలే మెడ, ముంజేతుల మీద చర్మం నల్లబడి పొలుసులుగా లేస్తుంది. జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం ఈ వ్యాధికి దోహదపడుతుందని హైదరాబాద్ పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య 1960లో ప్రతిపాదించారు. తర్వాతి పరిశోధకుల్లో దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి. రొట్టెకు తోడుగా పప్పు, పాలు, మాంసం దొరకని పేదరికం వ్యాధికి దారితీస్తుంది. అందుకే దక్కన్‌లోని కామారెడ్డి జిల్లా జుక్కల్ వంటి ప్రాంతాల్లో ఆరోగ్య పరిశోధన ఇంటి తిండినీ, కూలి రాబడినీ కలిపి చూడాలి.